పులికన్నా ముందు నా ఫోటో

మొన్న మనవరాలు నన్ను పట్నంలో మ్యూజియంకి తీసుకెళ్లింది. మోకాళ్లు వద్దంటున్నా వెళ్లాను, తిరిగొచ్చేటప్పుడు ఇరానీ చాయ్ ఇప్పిస్తానంది కాబట్టి. మేడ మీద ఒక గదిలో అద్దం వెనక మా పక్క పటం ఒకటి వేలాడుతోంది. పటమంటే గోడకు కొట్టుకునే చిన్న బొమ్మ కాదు. చీరంత పొడుగు గుడ్డ, పైనుంచి కిందిదాకా వరుసగా బొమ్మలు. కథ చెప్పేవాళ్లు దాన్ని వేలాడదీసి, పుల్లతో ఒక్కో బొమ్మ చూపిస్తూ పాడతారు. మనవరాలు అరచేతిలో పట్టే కెమెరా తీసి టకటకా ఏడెనిమిదిసార్లు నొక్కింది. నాకు నవ్వొచ్చింది. ఎందుకని అడిగితే ఇంటికెళ్లాక చెప్తానన్నాను. ఇంటికొచ్చి నేను గొంతు సవరించుకునేలోపు అది నిద్రపోయింది. అందుకని మీకు చెప్తున్నాను.

అప్పుడు రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. సిద్దిపేటలో మా ఆయన ఫోటోలు తీసేవారు. మగ్గం వదిలేసి కెమెరా పట్టుకున్నాడని మా మామ ఆయనతో నేరుగా మాట్లాడేవాడు కాదు, "ఆ డబ్బాలాయనకు బువ్వ పెట్టు" అని నాతో చెప్పేవాడు. బజారులోని గదిలో కూర్చోవడం కంటే ఊళ్లు తిరగడమే ఆయనకు ఇష్టం. ఎక్కడ భాగోతం ఆడుతున్నారన్నా, ఎక్కడ జాతరన్నా బండి కట్టించేవారు, నన్నూ ఎక్కించుకునేవారు. ప్రేమతో అనుకునేరు. మగవాడు ఒక్కడే కెమెరా వెనక నల్లగుడ్డ కప్పుకుని తొంగిచూస్తే ఆడవాళ్లు చీపుర్లు తీస్తారని భయం. కారణమేదైతేనేం, ఇంట్లో మగ్గానికి నూలు కండెలు చుట్టుకుంటూ కూర్చోవడం కంటే బండిలో రొట్టె, కారం తింటూ జగదేవ్‌పూర్ దాకా పోవడం నాకు వెయ్యిరెట్లు నచ్చేది.

ఒక్కటే కొరత. పెళ్లయిన మూడేళ్లలో ఆయన వంతెనలు తీశారు, ఎడ్లజతలు తీశారు, ఒక పటేలుగారి మీసాలు మూడుసార్లు తీశారు. నన్ను మాత్రం తీయలేదు. అప్పట్లో బొమ్మ పడేది గాజు ప్లేటు మీద, యుద్ధం వల్ల అవి ఓడల్లో రావడం మానేశాయి. అడిగితే, "ప్లేట్లు దొర్కుతలెవ్వు. నువ్వు ఇంట్ల మనిషివి, యాడికి పోతవు?" అనేవారు. ఆ మాటకు నాకు ఒళ్లు మండేది. బండిలో మొహం అటు తిప్పుకుని ఏడ్చిన రోజులూ ఉన్నాయి.

అలా ఉండగా పట్నంలో ఫోటోల ప్రదర్శన పెడుతున్నారని కబురొచ్చింది. ఆయన దగ్గర మిగిలినవి రెండే ప్లేట్లు. ఏం తీసి పంపాలా అని వారం రోజులు సరిగా అన్నం తినలేదు. అదే సమయంలో చిన్నకోడూరు సాలెవాడకు పటం కథవాళ్లు వచ్చారని తెలిసింది. మా కులం కథ చెప్పేవాళ్లు వాళ్లు, కొన్నేళ్లకొకసారి వస్తారు. ఆ కథలో మా మూలపురుషుడు పులినెక్కి వచ్చే బొమ్మ ఉంటుంది. చిన్నప్పుడు అది చూసి తల్లి కొంగులో దాక్కున్నానని ఆయనే చెప్పేవారు. పైగా వాళ్ల పాత పటానికి అదే ఆఖరి కథట. కొత్త పటం రాయించారు, పాతదాన్ని పూజ చేసి గోదావరిలో కలుపుతారు. ఇప్పుడు తీయకపోతే ఇక ఎప్పటికీ లేదు. తెల్లవారగానే బయల్దేరాం.

మేం వెళ్లేసరికి కథ నడుస్తోంది. కథ చెప్పే పెద్దయ్య మంచివాడు, పాట ఆపి తీసుకొమ్మన్నాడు. మూడుకాళ్ల మీద కెమెరా నిలబెట్టి ఆయన సరిచూసుకుంటుంటే, "నేను సుత జర సూస్త" అంటూ వచ్చి నల్లగుడ్డలో తల దూర్చాడు. దూర్చినంత వేగంగానూ బయటికి తీశాడు.

"గిదేంది నాయినా! దేవుని కాళ్లు మీదికి, తల కిందికి జేసినవు?"

ఆ కెమెరాల్లో వెనక అద్దం మీద బొమ్మ తలకిందులుగానే కనపడేది. ఆయనకది అలవాటైపోయి, ముందుగా చెప్పాలని తోచలేదు. పెద్దయ్య పరుగున వెళ్లి పటం మీద పంచె కప్పేశాడు.

"అద్దంల అట్ల కనబడ్తది పెద్దయ్యా. కాగితం మీదికొస్తే సక్కగైతది."

"సక్కగైతదని నువ్వంటున్నవు. తలకిందులున్నది నేను నా కండ్లతోని సూసిన. ముందుగాల ఒక మనిషిని తీసి సూపెట్టు. మనిషి సక్కగొస్తెనే దేవుడు."

ఎవరు నిలబడతారు? మగవాళ్లు ఒకరి వెనక ఒకరు జరిగారు. ఆడవాళ్ల బాధ వేరు. "తలకిందులైతే చీర నిలుస్తదా అక్కా?" అని ఒకామె నా చెవిలో అడిగింది. ఆయన మొహం చూస్తే జాలేసింది. ఒక ప్లేటు దీనికి పోతే మిగిలేది ఒక్కటే. అది చెడితే ప్రదర్శన లేదు, పులి లేదు.

"నేను నిలబడ్త" అన్నాను. జాలితో అన్నానని చెప్పుకుంటాను గానీ, సగం దురాశే.

ఆయన నన్నొక గోడ ముందు నిలబెట్టి గుడ్డలో దూరారు. ఇక బయటికి రారే! ఊరంతా చూస్తోంది, నాకు చెమటలు.

"ఎంతసేపు సూస్తరు? అందరు నవ్వుతున్నరు."

"ఆగు" అన్నారు గుడ్డలోంచి. ఆ వెంటనే మెల్లగా, "మూడేండ్లల్ల నిన్ను గిట్ల సూడనే లేదు" అన్నారు. ఆ మాట నాకొక్కదానికే వినపడింది. తర్వాత బయటికొచ్చి, ప్లేటు పెట్టి, నాలుగు అంకెలు లెక్కపెట్టారు. ఊపిరి కూడా తీయలేదు నేను.

ఒకరింటి ధాన్యపు గదికి గొంగళ్లు కప్పి చీకటి చేసి, తెచ్చుకున్న మందు నీళ్లలో ప్లేటు కడిగారు. అది ఆరాక మందు పూసిన కాగితం మీద పెట్టి ఎండలో ఉంచారు. మెల్లగా నేను తేలుతుంటే వాడంతా చుట్టూ మూగింది. పెద్దయ్య ఆ కాగితాన్ని ఇటు తిప్పి, అటు తిప్పి, ఒకసారి కావాలనే తలకిందులు చేసి చూసి, "సక్కగనే ఉన్నవు బిడ్డా" అని పంచె తీసేశాడు. కథ మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాడు. నడుమ ఆగింది కదా, అలా వదిలేయకూడదట. పులి బొమ్మ దగ్గరికొచ్చేసరికి ఎండ చూరు దిగుతోంది. మా ఆయన నల్లగుడ్డలో దూరారు. ఉన్న ఒక్క ప్లేటూ వాడేశారు.

బొమ్మ బాగా వచ్చింది. పెద్దయ్య చేతిలోని పుల్ల కదిలి విసనకర్రలా పడింది, అంతే. బస్సెక్కి పట్నం వెళ్లి గోడ మీద దాన్ని చూసుకున్నాం. బహుమతి రాలేదు గానీ జనం దాని ముందే ఆగుతుంటే ఆయన దూరంగా స్తంభం పక్కన నిలబడి లెక్కపెట్టుకున్నారు. మేం తిరిగొచ్చిన రాత్రి మా మామ కొడుకుతో నేరుగా, "పులి మంచిగొచ్చిందంటగా" అన్నాడు. మూడేళ్ల తర్వాత మాట్లాడిన మొదటి మాట అది.

యుద్ధం అయిపోయింది, ఫిలిం వచ్చింది, చవకైంది. ఆయన పోయేదాకా నన్ను తీస్తూనే ఉన్నారు, ఇంట్లో ఒక పెట్టె నిండా నేనే. అన్నీ చటుక్కున చూసి తీసినవే, తప్పు పట్టను. కానీ ప్లేట్లు రెండే మిగిలిన ఆ పూట, ఆ నల్లగుడ్డ లోపల, ఆయన నన్ను చూసిన కాసేపు ఉందే, ఆయనతో బతికిన యాభై ఏళ్లలో నాకు అన్నిటికంటే పొడుగ్గా గుర్తున్నది అదే.