అంచు మీది పేరు

తళతళ మెరిసే పాత వెండిని చూస్తే షుకూర్ భాయ్‌కి ఒళ్లు మండుతుంది. సుచిత్ర చౌరస్తాలో నా జిరాక్స్ దుకాణానికీ ఆయన కొట్టుకూ మధ్య ఒకటే గోడ కాబట్టి ఆ సెగ నాకు రోజూ తగులుతుంది. పాత నాణేలు, సిపాయిల మెడల్స్ చూసి అసలువో నకిలీవో, ఏపాటి చేస్తాయో చెప్పడం ఆయన పని. శామీర్‌పేటలో వాళ్ల అబ్బా పాత ఇత్తడి గిన్నెలు కొనేవాడట. ఆ కుప్పల మధ్య కూర్చుని కూర్చునే లోహం గుణం తెలిసిందంటాడు. ఎవరైనా మెడల్‌ను తోమి తెచ్చారా, ఇక అయిపోయారే! "పెండ్లిపిల్లనా గిది, గింతగనం ముస్తాబు జేసిండ్రు? గా నలుపే దాని ఉమర్, దాని వయసు!" అని కసురుతాడు. బేరం పోయినా నోరు ఆగదు.

మొన్న దసరా వెళ్లాక దేవరయాంజాల్ నుంచి ఇద్దరు అన్నదమ్ములు వచ్చారు. ముందు అన్న కుర్మయ్య, వెనక ఎడంగా తమ్ముడు బాలేష్. కుర్మయ్య అరుపులకు నేను మిషన్ ఆపేసి వెళ్లి షుకూర్ భాయ్ గడపలో నిలబడ్డాను. పరాయి వాళ్ల గొడవ నాకెందుకు అనుకున్నాను, కానీ కాళ్లు వింటేనా!

సంగతి ఇదీ. వాళ్ల ముత్తాత మొదటి ప్రపంచ యుద్ధానికి పోయి వెండి మెడల్‌తో తిరిగొచ్చాడు. అది ఏడాదికొకరి ఇంట్లో ఉంటుంది. దసరా నాడు ఆయుధాల పక్కన పెట్టి పసుపు, కుంకుమ అద్ది మొక్కుతారు. నిరుడు బాలేష్ వంతు. ఈ పండుగకు పూజయ్యాక, కొత్త కోడలు అనూహ్య ముత్తాత పేరు చూస్తానంటే కుర్మయ్య గర్వంగా మెడల్ తిప్పి అంచు చూపించాడు. పేరూ నంబరూ ఉండాల్సిన చోట నున్నగా ఉంది. కొత్త కోడలి ముందు ఆయన తల కొట్టేసినట్టయింది.

"అసల్ది అమ్ముకొని గిదేందో తెచ్చి పెట్టిండు భాయ్!" అన్నాడు కుర్మయ్య. "నకిలీ అని నువ్వొక్క మాట అను. వీనికీ నాకూ ఇగ తెగిపోయినట్టే. సచ్చినా నా గడప తొక్కొద్దు."

"అవ్వ మీద ఒట్టన్నా, పండుగ దాంక నేను బీరువలకెల్లి తియ్యనే లే," అన్నాడు బాలేష్.  

షుకూర్ భాయ్ భూతద్దం పెట్టాడు. మెడల్ మీది ఇంగ్లీషు రాజుగారి బొమ్మ ముక్కు చదునైపోయింది, జుట్టు గీతలు లేవు. మెడల్‌ను మెల్లగా తిప్పుతూ అంచు చుట్టూ చూశాడు.

"పేరైతే లేదు," అన్నాడు.

బాలేష్ మెట్టు మీద కూలబడ్డాడు. కుర్మయ్య చెయ్యి చాచి, "ఇంకేంది మరి, ఇటియ్యి," అన్నాడు.

"జర ఆగు పటేలా. నేనింక ఏం జెప్పలే." మెడల్‌కు పైన కొక్కెం అతికే మూలలో పసుపు గట్టిగా పేరుకుని ఉంది. షుకూర్ భాయ్ చూపు అక్కడే ఆగింది. "పేరుకు ముంగట అంకెలుంటయి. మొదటివి యాదికున్నయా?"

"యాదికి లేకేంది! ఏడు, దాని పక్కన మూడు. నాయిన గా అంకెల మీద నా యేలు వెట్టే నాకు లెక్కలు నేర్పిండు."

షుకూర్ భాయ్ చీపురు పుల్ల తడిపి ఆ మూలలో గీకసాగాడు. పసుపు రాలింది, దాని కింద కుంకుమ, మళ్లీ పసుపు. ఎన్ని దసరాల పొరలో! దేవుడా, ఏదో ఒకటి కనపడనీ అని నేను మొక్కుకున్నాను. బాలేష్ తల ఎత్తలేదు. పుల్ల ఆగింది. భూతద్దం కుర్మయ్య చేతికిచ్చాడు షుకూర్ భాయ్.

ఏడు. పక్కన సగం మూడు.

కుర్మయ్య చాలాసేపు చూశాడు. "మరి పేరేమైంది?" అన్నాడు.

"దీన్ని ఎవరు తోముతరు పటేలా?"

"నేనే! ఎవరింట్ల ఉన్నా పండుగ ముంగట నా దగ్గరికి రావాల్సిందే. గీ పని ఇంకోనికి చేతగాదు. చింతపండు, బూడిద, ఆఖరుకు ఇటుక పొడి. అద్దం లెక్క మెరవాలె, మెరుపొక్కటే జూస్త," అంటుండగానే కుర్మయ్య మాట మధ్యలో ఆగిపోయింది.

ఇక షుకూర్ భాయ్ పేలుతాడు అనుకున్నాను. కానీ ఆయన గొంతు నేనెన్నడూ విననంత మెత్తగా వచ్చింది. "మెడల్ అసల్దే. పసుపు కింద దాగినయి గా రెండంకెలే మిగిలినయి. తక్కింది నీ బొటనయేలి కింద అరిగిపోయింది. పేరు లేకపాయె, ఇగ దీన్ని ఎవరు కొన్నా వెండి తూకానికే కొంటరు. మీ తమ్మునికి మాత్రం ఏం ఎరుక లేదు."

 కుర్మయ్య మెడల్ తీసుకున్నాడు. అలవాటుగా బొటనవేలు అంచు మీదికి పోయింది. నిప్పు తగిలినట్టు వెనక్కి తీసుకున్నాడు. మెట్టు దగ్గరికి వెళ్లి, తమ్ముడి పక్కనే కూర్చుని, మెడల్‌ను అతని అరచేతిలో పెట్టి గుప్పిట మూశాడు.

"నీ కాడనే ఉంచు తమ్మీ," అన్నాడు ఏడుస్తూ. "నేనడిగినా నా చేతికియ్యకు."