చౌడు పోసిన షటిల్ కోర్టు

ఈ మధ్య మా వీధిలో నేను నడుస్తాంటే అందరూ ముందు నా కాళ్ల దిక్కు చూసి, ఆమీద మొహం చూస్తాండారు. ఎందుకో మీకూ చెప్తా. ఎట్లాగూ ధర్మవరంలో సగం మందికి తెలిసిపోయింది.

నాకు మాటలు తక్కువ. అయిదో తరగతితో బడి మానేసినా. కొత్తవాళ్లు ఇంటికొస్తే తలుపు చాటు నుంచి కాఫీ గ్లాసులు అందిస్తా, అంతే. మా ఆయన మగ్గం నేస్తాడు, నేను కండెలు చుడతా. ఇంట్లో ఏది తేల్చాలన్నా ఆయనా, మా అత్తా మాట్లాడుకుంటారు. నన్ను అడగరని కాదు. అడిగితే "మీ ఇష్టం" అంటానని వాళ్లకు తెలుసు.

మా కూతురు హారిక తొమ్మిదో తరగతి. షటిల్ బాగా ఆడుతుంది. బళ్లో కొత్త గదులు కడతాండారని గ్రౌండంతా కంకర, ఇసుక పోసిపెట్టినారు. హిందూపురంలో పోటీలకు బడి నుంచి ఇద్దరు ఆడపిల్లలే పోవాలంట, ఆడేవాళ్లు నలుగురు. ప్రాక్టీసుకు చోటు లేక, వెనక దొడ్డి ఖాళీనే కదా, ఆడ కోర్టు వేయించండి అని మమ్మల్ని పట్టుకుంది.

దొడ్డి ఖాళీనే. కానీ అది ఒకప్పుడు పల్లం. ఇల్లు కట్టుకునేటప్పుడు చెరువు పూడిక మట్టి తోలించి నింపినాం. నల్లగా, బంకగా ఉంటుంది. ఎండాకాలం చెయ్యి దూరేటంత బీటలిస్తుంది. వానొస్తే చెప్పులు ఒక్కోటి రెండు కేజీలవుతాయి.

పెనుకొండ నుంచి నాగరాజు అనే మేస్త్రిని పిలిపించినాం. కోర్టులు వేసి అలవాటున్న మనిషి. గడ్డపారతో ఒక పోటు పొడిచి, మట్టిని వేళ్లతో నలిపి చూసినాడు. ఇది నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది, దీని మీద ఏం వేసినా నిలబడదు అన్నాడు. అడుగున్నర లోతు తవ్వి తీసేసి, గరుసు పోసి, రోలర్ తిప్పి, ఆ మీద కాంక్రీటు వేయాలంట. ఖర్చు లెక్కేసుకుని మా ఆయన మొహం వాడిపోయింది.

అప్పుడు తలుపు చాటు నుంచి ఒక గొంతు వినపడింది. నాదే.

"అంత తవ్వేది ఎందుకన్నా? చౌడు పోస్తే చాలు."

అందరూ నా దిక్కు తిరిగినారు. మా అత్త వక్క నమిలేది ఆపింది. నేను పుట్టింది గోరంట్ల దగ్గర పల్లెలో, మట్టి కప్పున్న మిద్దె ఇంట్లో. ఏటా వానలకు ముందు మా నాయన మిద్దె మీద చౌడు మట్టి పోసేవాడు. నీళ్లు పడితే అది బిగుసుకుని చుక్క కిందికి దిగనీదు. ఎంత వానలోనూ మా ఇంట్లో కారేచోట గిన్నె పెట్టిన రోజు లేదు. అదంతా ఒక్క గుక్కలో చెప్పేసినా. మిద్దె మీద ఆగిన వాన దొడ్లో ఆగదా అని కూడా అడిగినా.

"అక్కా, మిద్దె వేరు, నేల వేరు" అన్నాడు నాగరాజు.

మా ఆయన మాత్రం, పద్దెనిమిదేండ్లకు ఒకసారి నోరు తెరిచింది, కాదంటే మళ్లీ తెరవదేమో అనుకున్నట్టుంది. సరే, నువ్వు చెప్పినట్టే కానీ అన్నాడు.

ట్రాక్టరుతో చౌడు వచ్చింది. కొంగు దోపుకుని నేనే దిమ్మిసతో కొట్టి, పేడతో అలికి, పట్టు దారం లాగి పట్టుకుని ముగ్గుపిండితో గీతలు గీసినా. రెండు కంబాలు నాటి నెట్టు కట్టినాం. హారిక రోజూ పొద్దున ఆడేది. పక్కింటివాళ్లు వచ్చి చూసిపోతాంటే నేను తలుపు చాటు వదిలి బయటికొచ్చి, ఇది మా నాయన పని అని చెప్పేదాన్ని. మాటలు అలవాటయినాయి. అదే వచ్చింది తంటా. పీఈటీ సార్ ఆదివారం మ్యాచ్ పెట్టి ఇద్దరిని తేలుస్తానంటే, మా దొడ్లోనే పెట్టమని నేనే చెప్పి పంపినా.

శుక్రవారం, శనివారం వాన పట్టింది. ఆదివారం పొద్దున ఎండ కాసింది. చూస్తే కోర్టు పొడిగా, పళ్లెం మాదిరి ఉండాది. మా నాయన గుర్తొచ్చి నాకు కండ్లలో నీళ్లు తిరిగినాయి.

పిల్లలు, వాళ్ల అమ్మానాయనలు, వీధిలోవాళ్లు, అందరూ వచ్చినారు. సార్ అంచున కాలితో నొక్కి చూసి, లోపల మెత్తగా ఉన్నట్టుందమ్మా అన్నాడు. మర్నాడే పేర్లు పంపాల. ఈ పొద్దు ఆడకపోతే ఆయన పాత ఆట చూసి రాసేస్తాడు, దాంట్లో హారిక మూడోది. అది రాకెట్టు పట్టుకుని నా మొహమే చూస్తాంది.

"మా నాయన పోసిన చౌడు మీద ఎద్దు నడిచినా ఏం కాలేదు సార్" అన్నా.

మిద్దె మీదికి ఎద్దు ఎట్లెక్కిందని ఎవరూ అడగలేదు. అడిగేలోపే నేను చెప్పులతోనే కోర్టులోకి నడిచినా.

రెండడుగులు. నాలుగడుగులు. కంబం పక్కకు పోయి, చూసినారా అన్నట్టు వెనక్కి తిరిగినా. బరువంతా కుడికాలి మీద పడింది. అప్పడం విరిగినట్టు చప్పుడయింది. కాలు మోకాలి దాకా పోయింది. ఎడమకాలు ఊతం పెడితే అదీ పోయింది. కంబం పట్టుకుంటే అది నా మీదికే వంగింది. దాని వెనకే నెట్టు వచ్చి తల మీద పడింది.

జీవితంలో నలుగురి ముందర నిలబడినదాన్ని కాదు. ఆ పొద్దు అంతమంది ముందర, నెట్టు కప్పుకుని, కంబం కౌగిలించుకుని నిలబడినా. తలుపు ఇరవై అడుగుల దూరంలో కనపడతానే ఉండాది.

అరుగు మీంచి మా అత్త, "మీ ఎద్దును కూడా ఇట్లే లాగినారా?" అంది.

చౌడు తప్పేం లేదు. పైనుంచి చుక్క దిగనీలేదు. మా ఇంటి మీంచి కారిన నీళ్లన్నీ పక్కల నుంచి కిందికి దూరితే, అవి ఆరిపోకుండా మూత పెట్టి భద్రంగా కాపాడింది. మా ఆయనా, సారూ పలకలు పరిచి చెరో రెక్క పట్టుకుని లాగినారు. కాళ్లు వచ్చినాయి. కుడి చెప్పు రాలేదు.

హారిక ఏడవలేదు, అదే నాకు ఇంకా కష్టమయింది. నెట్టు తీసి మడత పెడతాంది. అప్పుడు ఎదురింటి రామక్క కల్పించుకుంది. మా వీధిలో పొద్దున పూట మగ్గానికి ఎక్కించే పట్టు దారాల పడుగులు రోడ్డు పొడుగునా సాగదీస్తారు, మనిషి దాటేదానికి కూడా సందుండదు.

"మా పడుగు ఒక గంట నిదానంగా వేసుకుంటాంలే సార్, ఈడ ఆడించండి" అంది.

సిమెంటు రోడ్డు మీద మ్యాచ్ జరిగింది. గీతలు మళ్లీ నేనే గీసినా, మోకాళ్ల దాకా బంకతో, ఒక్క చెప్పుతో. హారిక రెండో పేరుగా తేలింది. హిందూపురం పోయి ఒక ఆట గెలిచి, ఒకటి ఓడి వచ్చింది.

నేను మళ్లీ తలుపు చాటుకు పోయినా. వానలు తగ్గినాక నాగరాజును మళ్లీ పిలిచినాం. ఆయన వచ్చీరాగానే గడ్డపార అందుకుని తవ్వుకుంటా పోయినాడు. మధ్యాహ్నానికి నా చెప్పు దొరికింది. కడిగి తెచ్చి, తలుపు ముందర పెట్టి, టేపు చూపించినాడు.

"అక్కా, నేను అడుగున్నర తవ్వాలంటే నువ్వు నమ్మలేదు. కొలిచినా. ఇది సరిగ్గా ఆడికే పోయి కూర్చునింది."

తలుపు చాటు నుంచే కాఫీ గ్లాసు అందించినా. ఈ సంగతి ఆయన ఊళ్లో చెప్పకుండా ఉంటాడని చక్కెర ఒక స్పూను ఎక్కువే వేసినా. లాభం లేకపాయ. ఇప్పుడు పెనుకొండలో కూడా నా చెప్పు సైజు తెలుసు.