రెండుసార్లు అడిగిన మంత్రం

హైటెక్ సిటీ అంటే ఇప్పటివాళ్లకు అద్దాల మేడలు గుర్తొస్తాయేమో గాని, తొంభైల చివర్లో నేను ఉద్యోగానికి చేరిన రోజుల్లో అక్కడ మేడల కన్నా బండలే ఎక్కువ. గుండ్రటి కొత్త భవనం ఒకటి లేచింది. దాని చుట్టూ ఉన్న బండల్ని రోజూ మందు పెట్టి పేలుస్తుండేవాళ్లు. మా ఆఫీసు ఆ భవనంలో కాదు, మాదాపూర్‌లో ఒక రెండంతస్తుల ఇంటి పైభాగంలో ఉండేది. (కడపలో మా ఇంటికి రాసిన ఉత్తరాల్లో మాత్రం ఆ గుండ్రటి భవనం పక్కనే అని రాశాను. పక్క అంటే ఎంత దూరమో ఎవరూ అడగలేదు.) కంప్యూటర్లకు దుమ్ము సోకకూడదని చెప్పులు గుమ్మం బయటే విడిచి లోపలికి వెళ్లేవాళ్లం. విదేశీ ప్రచురణకర్తలు పంపిన పాత పుస్తకాలను అక్షరం అక్షరం కంప్యూటర్‌లోకి ఎక్కించడం మా పని.

ఆ పనికి ఒక పద్ధతి ఉండేది. ఒకే పేజీని ఇద్దరు విడివిడిగా టైపు చేయాలి. తర్వాత కంప్యూటర్ రెండింటినీ పోల్చి, తేడా ఉన్నచోటల్లా ఎర్రగీత పెట్టేది. అచ్చులో ఏముంటే అదే కొట్టండి, మీ తెలివి కలపకండి అని కాకినాడ నుంచి వచ్చిన మా సూపర్‌వైజర్ గారు రోజూ మొత్తుకునేవారు. తెలివితో పని లేని ఆ ఉద్యోగంలో నేను బాగా రాణించాను. నా పేజీల్లో ఎర్రగీతలు దాదాపు ఉండేవి కావు. దాంతో నాకు గర్వం తలకెక్కింది. బయట కూడా ఎవరేం చెప్పినా మళ్లీ ఒకసారి చెప్పించుకుని, రెండింటినీ మనసులో పోల్చి, తేడా పట్టుకుని, వాళ్లకు చూపించేవాణ్ణి. నాకు స్నేహితులు ఎందుకు తక్కువో అప్పట్లో అర్థం కాలేదు.

అలాంటి రోజుల్లో స్లావ్ జాతుల జానపద మంత్రాల, జోస్యాల చరిత్ర అనే లావుపాటి ఇంగ్లీషు పుస్తకం మా చేతికొచ్చింది. రష్యా, ఉక్రెయిన్ పల్లెల్లో దడుసుకున్న పిల్లల తల మీద నీళ్ల గిన్నె పట్టి, అందులో కరిగిన మైనం పోసి, అది పేరుకున్న ఆకారాన్ని బట్టి బిడ్డ దేన్ని చూసి బెదిరిందో చెప్పేవారట. నడి చలికాలపు పండగ రోజుల్లో పెళ్లికాని పిల్లలు గేటు మీదుగా చెప్పు విసిరేవారట. దాని మొన ఎటు తిరిగితే అటువైపు అత్తవారిల్లు. (ఆ పేజీ కొట్టిన వారమంతా మా ఆఫీసు ఆడపిల్లలు గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, అవి ఎటు తిరిగాయో చూసుకున్నారు. ఒకమ్మాయికి వరసగా మూడు రోజులు మియాపూర్ డిపో వచ్చింది.) మతగురువులు ఇవన్నీ పాపమని నిషేధించారు. ఏమేం చేయకూడదో వాళ్లు శ్రద్ధగా జాబితా రాయబట్టే అవేమిటో మనకు తెలిశాయి. మంత్రం ఎప్పుడూ పెద్దవాళ్లు చిన్నవాళ్లకే ఇవ్వాలట. ఇవ్వకుండా పోతే ప్రాణం తేలిగ్గా పోదట. అప్పుడు ఇంటి కప్పులోంచి ఒక పలక ఊడదీసి ప్రాణానికి దారి ఇచ్చేవారట.

ఈ సంగతులన్నీ సాయంత్రం బోరబండలో మా ఇంటి ఓనరు పెద్దమ్మకు చెప్పేవాణ్ణి. ఆమె ఊరికే వినేది కాదు, తోటి పనివాళ్ల కబురు విన్నట్లు వినేది. ఎందుకంటే ఆమెకూ దడుపు మంత్రం వచ్చు. వేపమండతో నీళ్లు చిలకరించి, పెదవులు కదిలీ కదలనట్లు మంత్రం చదివి, బిడ్డ నుదుట విభూతి పెట్టేది. రూపాయి ముట్టేది కాదు. కప్పు పలక సంగతి విన్న రోజు ఆమె తలెత్తి తన రేకుల కప్పు వైపు చాలాసేపు చూసింది. మరో నెలలో దవాఖానలో ఆమెకు కడుపు ఆపరేషన్ ఉంది. మంత్రం ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. కోడలికి దాని మీద నమ్మకం లేదు.

"నువ్వైతే అక్షరం పోకుండ కొడ్తవంట గద బిడ్డా. నీకే ఇస్త" అంది.

ఆదివారం పొద్దున తలస్నానం చేసి, పరగడుపున ఆమె ఎదురుగా కూర్చున్నాను. నియమాలు మూడే. రాసుకోకూడదు, నవ్వకూడదు, ఒక్కసారే వినాలి. ఆమె కళ్లు మూసుకుని చెప్పింది. నిజంగానే ఒళ్లు జలదరించింది. అంతటితో లేచి కాళ్లకు దండం పెట్టి ఉంటే ఎంత బాగుండేది. పాడు అలవాటు, ఇంకొక్కసారి చెప్పమని బతిమాలాను. ఆమె కాసేపు తటపటాయించి చెప్పింది. నేను వేళ్లు మడిచి, పెద్దమ్మా, మూడుచోట్ల తేడా వచ్చింది, ఏది సరైనదో చెప్పు అన్నాను. పరీక్షలో మొదటి ర్యాంకు వచ్చినవాడిలా నవ్వుతూ కూడా అన్నాను.

ఆమె వేపమండ తీసి మూలన పెట్టింది.

నాలుగు రోజుల తర్వాత పక్కింటామె తన మూడేళ్ల కూతుర్ని ఎత్తుకొచ్చింది. వాళ్లు రాయదుర్గం వైపు పనికి పోయినచోట బండ పేలితే పిల్ల దడుసుకుంది. అప్పటినుంచి జ్వరం, కునుకు లేదు. పెద్దమ్మ మొదలుపెట్టింది. సగంలో ఆగింది. మళ్లీ మొదటికొచ్చింది, మళ్లీ అక్కడే ఆగింది. చుట్టూ ఉన్నవాళ్లు చూస్తుండగా ఆమె వేపమండ కింద పెట్టేసింది.

"ఏది నిజమో నాకే ఎర్క లేకపాయె. పాపను దవాఖానకు తీస్కపో బిడ్డా" అంది.

నలభై ఏళ్ల నమ్మకానికి నేను ఎర్రగీత పెట్టాను.

మర్నాడు ఆఫీసులో మంత్రాల అధ్యాయం వచ్చింది. పల్లెల్లో వాటిని సేకరించబోయిన పండితులకు ముసలమ్మలు ఒకే మంత్రాన్ని ఒక్కోసారి ఒక్కోలా చెప్పారట. ఆ సంగతి ముసలమ్మలకూ తెలుసు. అందుకే చివర ఒక మాట చేర్చుకునేవారు: నేను విడిచిన మాట, ఎక్కువ చెప్పిన మాట, అన్నీ కలిసి నిండుగా, గట్టిగా ఉండుగాక. నా చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. ఆ ఒక్క వాక్యాన్ని బస్సు దిగేదాకా పెదవుల మీదే పెట్టుకుని మోసుకొచ్చి పెద్దమ్మకు అప్పజెప్పాను.

"గంత దూరమున్న ముసలోళ్లు సుత మర్సిపోయెటోళ్లా?" అని అడిగింది. మర్చిపోయేవాళ్లు పెద్దమ్మా, అందరూ మర్చిపోయేవాళ్లే అన్నాను. ఆమె లేచి మొహం కడుక్కుని, వేపమండ తీసుకుని, తానే పక్కింటికి నడిచింది. మంత్రం ఎక్కడా ఆగకుండా సాగింది. చివర "ఇడ్సిన మాట, ఎక్కువైన మాట, అన్ని నిండుగుండాలె" అని మాత్రం పైకే అంది. పిల్ల నిద్రపోయింది. (దవాఖానలో ఇచ్చిన మందు కూడా పనిచేసి ఉండొచ్చు. ఆ లెక్క నేను తేల్చదల్చుకోలేదు.) అదంతా చూసిన కోడలు ఇంటికొచ్చాక అత్త పక్కన కూర్చుని, నాకియ్యి అత్తమ్మా అంది. నన్ను బయటికి పంపారు. తర్వాత పెద్దమ్మ నా తల నిమిరి, నువ్వు మంచోనివే గని మల్ల అడుగుతవు అంది.

ఆపరేషన్ తర్వాత ఆమె ఇంటికి రాలేదు.

దినాలయ్యాక కోడలు నా గది ముందుకొచ్చి నిలబడింది. మధ్యలో ఒక మాట జారిపోయిందట, నువ్వు రెండుసార్లు విన్నావు కదన్నా, జర యాది చేస్కో అంది. కళ్లు మూసుకుని ఎంతో ప్రయత్నించాను. మంత్రంలో ఒక్క ముక్క రాలేదు. ఎక్కడెక్కడ తేడా వచ్చిందో ఆ మూడు చోట్లు మాత్రం స్పష్టంగా గుర్తున్నాయి. సిగ్గుతో ఆ మాటే చెప్పాను.

"ఏం ఫికర్ జెయ్యకు అన్నా, ఆఖర్ల అనే మాట ఉన్నది గద" అని ఆమె వెళ్లిపోయింది. ఆ మధ్యాహ్నమే ఎవరి బిడ్డకో విభూతి పెట్టింది. ఇన్నేళ్లు గడిచినా నాకు ఆ మూడు తేడాలే గుర్తున్నాయి. వేళ్లు మడిచి నవ్వుతూ కూర్చున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే కోపం రాదు గాని, దగ్గరికి పిలిచి, మళ్లీ అడక్కుండా ఒక్కసారి విని లేవరా నాయనా అని చెప్పాలనిపిస్తుంది.