బావ వస్తే తెరుచుకునే తాళం

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. నమ్మేంత తీరిక కూడా లేదు. విడవలూరులో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు నాది. పొద్దున షట్టరు ఎత్తింది మొదలు పగిలిన స్క్రీన్లు, ఉప్పునీళ్లు తాగిన చార్జింగ్ పిన్నులు. ఏదైనా వస్తువు విచిత్రంగా ప్రవర్తిస్తోందని ఎవరైనా తెస్తే విప్పి చూస్తాను, లోపల కారణం కనబడుతుంది. ఇన్నేళ్లలో కారణం కనబడనిది ఒక్కటే. దాని గురించే ఇది. చదివి నవ్వుకున్నా ఫరవాలేదు, ఎవరికో ఒకరికి చెప్పకపోతే నా వల్ల కావడం లేదు.

మా అక్క కామాక్షి ఇల్లు సముద్రపు ఒడ్డున, పాలెంలో. బావ పోలయ్య చేపల వేటకు వెళ్లేవాడు. మా ఇంటి వృత్తీ అదే, కానీ పడవెక్కితే నాకు వాంతులు. "చేపలకు మేత వేసేదానికి వస్తావా అబ్బయ్యా?" అని బావ నన్ను ఏడిపించేవాడు.

ఆయనకు చూపు మందగించింది. గాలి ఎటు తిరుగుతోందో, అల ఎంత లేస్తుందో చూపించే యాప్ ఫోన్‌లో కనిపించేది కాదు. నా దగ్గర అరచేతిలో పట్టే కంప్యూటర్ బోర్డు ఒకటి ఉండేది. నేర్చుకుందామని కొని పక్కన పడేశాను. బ్యాటరీ లేదు, సిమ్ము లేదు, పైన డబ్బా కూడా లేదు, ఒట్టి సర్క్యూట్ బోర్డు. కరెంటిచ్చి టీవీకి తగిలిస్తే పనిచేస్తుంది. అందులో ఫోన్లలో ఉండే ఆండ్రాయిడ్ ఎక్కించి బావ ఇంట్లో పెట్టాను.

ఫోన్ కోసం చేసిన సిస్టమ్ అలాంటి బోర్డు మీద అంత సులువుగా కుదురుకోదు. ఒకసారి శబ్దం రాలేదు, ఒకసారి బొమ్మ తలకిందులైంది. బోర్డులో ఉన్న బ్లూటూత్ అయితే ఎంత కుస్తీ పట్టినా పలకలేదు. చివరికి గోరంత బ్లూటూత్ ముక్క ఒకటి కొని బయట నుంచి గుచ్చితే సరిపోయింది.

బ్లూటూత్ ఎందుకంటే, తాళం కోసం. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ టీవీలో ఏదో ఒకటి నొక్కి పాడుచేస్తున్నారని బావ లాక్ పెట్టమన్నాడు. నంబరు మాత్రం గుర్తుండదన్నాడు. అందుకని నంబరు నా దగ్గరే ఉంచుకుని, ఆయన ఫోన్ దగ్గరికొస్తే దానంతటదే తెరుచుకునేలా పెట్టాను. తెర మీద గడియారం కింద చిన్న తాళం బొమ్మ ఉంటుంది. ఫోన్ వాకిలి దాకా వచ్చిందంటే ఆ బొమ్మ తెరుచుకుంటుంది. బావ ఫోన్‌ను పాలిథిన్ కవర్లో చుట్టి మొలకు కట్టుకుని వేటకు వెళ్లేవాడు. తిరిగొచ్చేటప్పుడు మనిషి గుమ్మంలోకి రాకముందే తాళం తెరుచుకునేది. అక్క దాన్ని చూసి కంచం పెట్టేది.

కార్తీకంలో వాయుగుండం దాటిపోయిందనే ధైర్యంతో బావా, ఇంకో ఇద్దరూ వేటకు వెళ్లారు. అల కొట్టి పడవ తిరగబడింది. తోడు వెళ్లిన ఇద్దరూ ఈది ఒడ్డుకు చేరారు. బావ చేరలేదు. ఎంత వెతికినా ఆయనా దొరకలేదు, మొలకున్న ఫోనూ దొరకలేదు.

మా పాలెంలో ఒక కట్టుబాటు ఉంది. సముద్రంలో పోయిన మనిషి దొరకాలి, లేదంటే గడ్డితో బొమ్మ చేసి కర్మ జరిపించాలి. అంతవరకూ దాయాదుల పడవలు నీళ్లలోకి దిగకూడదు. ఆ పడవలన్నీ ఒడ్డున పడి ఉన్నాయి. భార్య ఒప్పుకోనిదే కర్మ జరగదు. అక్క ఒప్పుకోలేదు.

"ఆయన రోజూ వస్తా ఉండాడు. తాళం తెరుచుకుంటా ఉండాది," అంది.

బావకు పెదనాన్న వరసైన పెద్దాయన నా కొట్టుకు వచ్చాడు. "ఆ మిషను పెట్టింది నువ్వే గదా శీనయ్యా. అది చెడిపోయుండాదని నువ్వు చెప్తే కామాక్షి ఇంటాది. పిల్లలు గలోళ్లం, ఎన్నాళ్లని ఒడ్డున కూర్చునేది?" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, నీరసమే ఉంది.

సరేనన్నాను. అప్పట్నుంచి పొద్దున కొట్టు, మధ్యాహ్నం బండి మీద పాలెం. నిజం చెప్పాలంటే మొదట్లో నాకూ ఆశే. ఆ ఫోన్ ఎక్కడో దగ్గర్లో ఉందేమో, బావ బతికే ఉన్నాడేమో అని. ఆయన నంబరుకు ఎన్నిసార్లు చేసినా స్విచాఫ్.

తాళం తెరుచుకోవడం నా కళ్లారా చూశాను. భయమేయలేదు, విసుగొచ్చింది. ఇంకో తప్పు వెతకాలి కదా అని. ఇరుగుపొరుగు ఫోన్లన్నీ ఆపించాను. వైఫై తీసేశాను. సెట్టింగులన్నీ మళ్లీ మళ్లీ చూశాను. దాయాదులు కాని మిగతావాళ్ల పడవలు గాలిని బట్టి ఒక్కోరోజు తొందరగా వస్తాయి, ఒక్కోరోజు పొద్దుపోయి వస్తాయి. తాళమూ వాటితోపాటే తెరుచుకునేది.

ఆఖరికి ఆ బ్లూటూత్ ముక్కనే పీకి జేబులో వేసుకున్నాను. ఇక బావ ఫోన్ తెచ్చి పక్కన పెట్టినా బోర్డుకు తెలిసే దారి లేదు. మర్నాడు పెద్దాయన్ని కూడా పిలిచాను. నేను టీవీ ముందు కూర్చున్నాను, ఆయన గుమ్మంలో కూర్చున్నాడు. ఒడ్డున పడవలు లాగుతున్న కేకలు వినిపించాయి. కాసేపటికి తాళం బొమ్మ తెరుచుకుంది.

"వచ్చినాడు," అని అక్క లేచి కంచం తెచ్చింది. పెద్దాయన గుమ్మంలో ఒక పక్కకు జరిగి ఒదిగి కూర్చున్నాడు. దారి వదులుతున్నట్టు ఆయనకే తెలియదనుకుంటాను. నేను జేబులోంచి ముక్క తీసి ఆయనకు చూపించాను.

మిషన్ చెడిపోయిందని చెప్పడానికి దారి పొడుగునా మాటలు కూర్చుకుని వచ్చాను. నోరు రాలేదు. "నాకు తెలియడం లేదక్కా. అది తెరుచుకునే వీలే లేదు," అన్నాను. ఏడుపొచ్చేసింది. బావ పోయాక నేను ఏడ్చింది అప్పుడే.

అక్క కంచం వైపు చూసింది. "రోజూ అంత దూరం నుంచి వస్తా ఉండాడు శీనా. వచ్చినోడు మెతుకు ముట్టడంలా. తాళం తీసేదానికే వస్తా ఉండాడేమో. ఎంత అలిసిపోయినాడో ఏమో," అంది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని, "ఆ తాళం పూర్తిగా తీసెయ్. తెరిచే ఉండాదని తెలిస్తే ఇంక ఆయనకు తిరిగే పనుండదు," అంది. గుమ్మం వైపు తిరిగి, "మామా, కర్మకు రోజు చూడండి," అంది.

అక్కడే కూర్చుని నంబరు కొట్టి లాక్ తీసేశాను. కర్మ జరిగింది. పడవలు వేటకు వెళ్లాయి.

ఆ తర్వాత అలాంటిదే ఇంకో బోర్డు కొని, అదే ఆండ్రాయిడ్ ఎక్కించి కొట్టులో పెట్టి చూశాను. బ్లూటూత్ ముక్క లేకుండా దాని తాళం ఒక్కసారి కూడా తెరుచుకోలేదు. తెలిసినవాళ్లను అడిగితే సాఫ్ట్‌వేర్‌లో ఏదో లోపమన్నారు. అయ్యుండొచ్చు. పడవలు ఒడ్డుకొచ్చాయని ఆ లోపానికి ఎవరు చెప్పారో మాత్రం వాళ్లూ చెప్పలేకపోయారు.

మొన్న పాలెం వెళ్లినప్పుడు అక్క వలకు చిక్కులు తీస్తూ అడిగింది: "తాళం లేకపోతే ఆయన ఇప్పుడు వచ్చినా మనకు తెలీదు గదరా?"

ఆ రోజు లాక్ తీసేటప్పుడు ఈ సంగతి నాకు తట్టనే లేదు. "తెలీదక్కా," అన్నాను.