వాన కోసం ఓడిపోవలసిన ఆట

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా మనవలు హాల్లో ఒక హాస్యచిత్రం చూస్తున్నారు. ఆడిన ప్రతి ఆటా ఓడిపోయే పిల్లల ఫుట్‌బాల్ జట్టు, వాళ్లకు ఆట నేర్పే ఒక కోపిష్ఠి మామయ్య, ఆయనను క్షణం నిలువనీయని ఇంటివాళ్లు. చివరి ఆటలో పిల్లలు గెలుస్తారని ఆరంభంలోనే తెలిసిపోయే కథ. నేను వార్తాపత్రిక చదువుతున్నట్టు కూర్చుని అంతా చూశాను. నవ్వు వచ్చినచోట నవ్వాను కూడా. ఆఖరి గోలు పడింది. తెరమీద ఊరంతా లేచి ఎగిరింది. సోఫా మీద గంతులేస్తున్న మనవరాలు నా వైపు తిరిగి, “తాతా, మీ ఊళ్లో ఫుట్‌బాల్ ఉండేదా?” అంది. ఉండేదన్నాను. “ఎప్పుడైనా గెలిచారా?” ఒక్కసారి గెలిచామన్నాను. “అప్పుడు మీ ఊరు కూడా ఇట్లాగే ఎగిరిందా?” లేచి మంచినీళ్లకని వంటింట్లోకి వెళ్లాను. దాహం వేసి కాదు.

తేదీ చెప్పలేని జ్ఞాపకాన్ని నేను నమ్మను. ఉద్యోగమంతా అనంతపురం కలెక్టరు కచేరీలో వర్షపాతం, సాగు లెక్కలు కూర్చడంలో గడిచింది. ఆ అలవాటు ఒంటిని వదలలేదు. కనుక నికరంగా తెలిసిన దానితోనే మొదలుపెడతాను. మా చిన్నమామ గుంతకల్లు నుంచి ఊరికి తిరిగివచ్చింది 1957 వేసవి. ఆ వేసవిలోనే నయాపైసలు కొత్తగా వచ్చాయి, మా అవ్వ వాటిని పిల్లల ఆటబిళ్లలనుకుని సంతలో ఒకాయన మొహాన విసిరికొట్టి వచ్చింది. అందువల్ల సంవత్సరం విషయంలో నాకు సందేహం లేదు. మామ రైలు ఇంజన్ల షెడ్డులో బొగ్గు వేసే పని చేసేవాడు, రైల్వే కాలనీ మైదానంలో దొరల పిల్లలతో సమానంగా ఫుట్‌బాల్ ఆడేవాడు. ఆయనకు బొల్లి వచ్చింది. మొదట వేళ్ల కొసలు, తరువాత పెదవులు, ఆపైన సగం మొహం తెల్లబడ్డాయి. తోటివాళ్లు ఆయనతో కలిసి అన్నం తినడం మానేశారు. నిశ్చయమైన పెళ్లి తప్పిపోయింది. ఒక ఇనుపపెట్టె, ఒక ఈల, ఒక తోలుబంతితో గుమ్మఘట్ట దాపులనున్న మా పల్లెకు వచ్చేశాడు. “సెలవు పెట్టినా” అన్నాడు. ఎన్నాళ్లని అవ్వ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఆ బంతి మా ఇంట్లో ఒక మనిషిలాగే బతికింది. ఎండకు తోలు పగులుతుందని అవ్వ దానికి శనివారం శనివారం ఆముదం పట్టించేది. నా తలకు పట్టించగా మిగిలితేనే దానికి అని అమ్మ వాదం, దానికి పట్టించగా మిగిలితేనే నాకని అవ్వ వాదం. మామ మమ్మల్ని పోగుచేసి ఆట నేర్పుతానన్నప్పుడు ఊరి తల్లులు అడ్డుపడ్డారు. ఆయన ముట్టుకున్న బంతిని తమ పిల్లలు ఎట్లా ముట్టుకుంటారని. అప్పుడు అవ్వ వీధిలో నిలబడి, “ఏమ్మే, కాళ్లతో తన్నేదానికి అంటేదేముండాది? మీ మొగోళ్లు మిమ్మల్ని తన్నితే వాళ్ల కాళ్లకేమన్నా అంటుతాండాదా?” అని కేకవేసింది. దాంతో తల్లులు తగ్గారు. కాళ్లతో ఆడే ఆట గనుక దోషం లేదని ఊరు తీర్మానించింది. చిక్కల్లా గోల్‌కీపరు దగ్గర వచ్చింది. వాడు మామ విసిరిన బంతిని చేతులతోనే పట్టుకోవాలి. ఆ పనికి ఎవరినీ పంపలేదు. ఊళ్లో పెద్దరైతు కొడుకు, నా ఈడువాడే, తనంతట తాను వచ్చి నిలబడ్డాడు. వాళ్లమ్మ ప్రతి సాయంత్రం వాడి చేతులను బూడిదతో తోమి తోమి కడిగించేది. మరునాడు వాడు మళ్లీ వచ్చేవాడు.

మామ నేర్పే పద్ధతి అంతా రైలుబాట మీద నడిచేది. ఆఫ్‌సైడు అంటే ఏమిటో మాకు ఎంతకూ తలకెక్కకపోతే, “సిగ్నలు పడకముందే బండి ముందుకు పోతే ఏమైతాది రా? ఆడ నువ్వు నిలబడేది గూడా అంతే” అని చెప్పాడు. ఆ తరువాత మాలో ఎవడూ ఆఫ్‌సైడు పోలేదు; సిగ్నలు కోసం ఎదురుచూస్తూ అసలు ముందుకే పోలేదు. ఊరి బయటి దిన్నె మా మైదానం. పాత కాడిమాన్లు పాతి గోలు చేశాము. ఆటకు ముందు అందరం వరసగా వంగి పల్లేరుముళ్లు ఏరేవాళ్లం. దూరంనుంచి చూసేవాళ్లు కలుపు తీస్తున్నామనుకునేవారట. పట్నం బడి జట్టు యేటా ఒకసారి బస్సులో వచ్చి, మా మీద సులువుగా గోల్సు కొట్టి, మజ్జిగ తాగి వెళ్లేది. గోల్‌కీపరును మాత్రం మామ విడిగా నిలబెట్టి ఒకే పాఠం చెప్పేవాడు: “బంతిని సూడొద్దు. కొట్టేవాని నడుము సూడు. కాళ్లు అబద్ధం చెప్తాయి, నడుము చెప్పదు.”

1960 ఆరంభంలో మామ విషజ్వరంతో పోయాడు. మా వాడుక ప్రకారం మా మెట్టచేను చివర పూడ్చిపెట్టాము. ఆ యేడు వాన రాలేదు. విత్తిన శనక్కాయ మొలకెత్తి, ఎండి, గాలికి లేచిపోయింది. బావుల్లో అడుగు కనబడింది. గొడ్లు ఎండిన తొట్ల దగ్గర నిలబడి అరుస్తుంటే ఆ అరుపు ఇళ్లలోకి వచ్చి కూర్చునేది. అటువంటి యేళ్లలో మా వైపు ఒక మాట పుడుతుంది: బొల్లి వచ్చినవాణ్ణి పూడ్చితే భూమి వేడెక్కి మబ్బును తరిమేస్తుందని, ఆ శవాన్ని పైకి తీసి కాల్చితేగాని వాన పడదని. ఇది ఎవరో చెడ్డవాళ్లు పుట్టించిన మాట కాదు. బావి అడుగు చూసినవాళ్లు అన్న మాట. మొదట గుసగుసగా ఉండి, శ్రావణం దాటేసరికి మా వాకిట్లోకి వచ్చింది. తెచ్చినవాడు గోల్‌కీపరు వాళ్ల నాయన. చెప్పులు వీధిలోనే విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. “అవ్వా, నాకూ మనసు ఒప్పల్యా. కానీ ఊరు సస్తాండాది” అన్నాడు.

మారెమ్మను పువ్వు అడుగుదామన్నారు. అమ్మవారి రెండు భుజాల మీదా తడిపూలు పెట్టి కాచుకుంటారు; కుడిపువ్వు రాలితే సరేనని అర్థం, ఎడమది రాలితే వద్దని. ఊరంతా గుడిముందు కూర్చుంది. ఏ పువ్వూ రాలలేదు. ఎండకు అక్కడే వాడి, విగ్రహానికి అతుక్కుపోయాయి. అప్పుడు అవ్వ లేచింది. “అమ్మ పలకల్యా. సరే, నేను పలుకుతా. నా కొడుకు మీ పిల్లోళ్లకు ఆట నేర్పిచ్చి నేర్పిచ్చి సచ్చినాడు, ఒక్కసారన్నా గెల్సినారా? వచ్చే ఐతారం పట్నమోళ్లు వస్తాండారు. మనోళ్లు గెలిస్తే వాడు ఆడనే పండుకుంటాడు. గెల్వకపోతే నేనే పార తెచ్చిస్తా” అంది. ఎవరో నవ్వారు. “ఏమవ్వా, వీళ్లు గెలిసేదేంది, పట్నమోళ్లకు బస్సు తప్పినా వీళ్లు గెలవరు” అన్నారు. నవ్వినా, అందరూ ఒప్పుకున్నారు. ఓటమి ఖాయం గనుకనే ఒప్పుకున్నారని నా నమ్మకం. ముసలామె మనసు నొప్పించకుండా పని జరిగిపోతుంది.

ఆ వారమంతా మేము ముళ్లు ఏరాము. చివరికి కంసాలి కొడుకు అన్నాడు: “గెలిస్తే మా ఎద్దు సస్తాది. ఓడితే మామను తవ్వుతారు. ఏం జేద్దాం రా?” గోల్‌కీపరు ముల్లు తీసుకుంటూ, “ఆడదాం. వేరే ఏమొస్తాది మనకు?” అన్నాడు.

ఆటకు ఊరంతా వచ్చింది. అంతమంది అంతకుముందు ఎన్నడూ రాలేదు. అవ్వ గీత పక్కన నేలమీద కూర్చుంది, ఒడిలో పార అడ్డంగా పెట్టుకుని. పట్నం పిల్లలకు ఇదేమీ తెలియదు. పారను చూసి, గోలు కింద గుంత తవ్వుతారేమోనని పరాచికాలాడారు. ఆట మొదలైన కాసేపటికి వాళ్లవాడే కొట్టిన బంతి మా కంసాలి కొడుకు వీపుకు తగిలి, వెనక్కు దొర్లి దొర్లి వాళ్ల కాడిమాన్ల మధ్యకు పోయింది. వాడు వీపు తడుముకుంటూ తిరిగి చూసేసరికి అది గోలు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పట్నం డ్రిల్లుమాస్టరు ఈల వేసి, ఆ నిశ్శబ్దానికి తానే జంకి, మళ్లీ ఈల వేశాడు.

తరువాత బంతి మా వైపే ఉంది. ఎట్లా ఆపామో నేను చెప్పలేను. నాకు గుర్తున్నది దుమ్ము, దుమ్ములో కాళ్లు. చివరలో మావాడొకడు పట్నంవాణ్ణి కాలు పట్టి పడేశాడు. పెనాల్టీ ఇచ్చారు. నిబంధనల పట్టింపు మాకు అంతగా లేదు గనుక నేను గోలు పక్కనే నిలబడ్డాను. కాబట్టి ఇది చెవులారా విన్నదే. గోల్‌కీపరు వాళ్ల నాయన నడిచివచ్చి, వలలేని ఆ గోలు వెనుక, కొడుకు వీపు దగ్గర నిలబడ్డాడు. కోపంగా కాదు, జ్వరం వచ్చిన బిడ్డతో మాట్లాడినట్టు, “వదిలెయ్ నాయనా” అన్నాడు. “గొడ్లు నీళ్లకు అరుస్తాండాయి. ఒక్కదాన్ని వదిలెయ్.” వాడు తిరగలేదు. వాడి చూపు కొట్టేవాడి నడుము మీదే ఉంది. బంతి ఎడమకు వచ్చింది. వాడు ఎడమకే దూకి, దాన్ని రెండు చేతులతో రొమ్ముకు అదుముకుని దుమ్ములో బోర్లా పడ్డాడు. ఎంతకూ లేవలేదు.

ఆట ముగిసింది. పట్నం పిల్లవాడొకడు మా మొహాలు చూసి నిజంగానే కలవరపడ్డాడు. “గెలిసినారు గదరా, ఏడుస్తారేంది?” అన్నాడు. అప్పుడు గోల్‌కీపరు నాయన అవ్వ దగ్గరికి వచ్చి చేయి అందించాడు. “లే అవ్వా. మాట మాటే.” ఆమె ఒడిలోని పార తానే భుజాన వేసుకుని, ఆమెను మా ఇంటిదాకా నడిపించి, పారను తలుపు మూలన పెట్టి, కొడుకును వెంటబెట్టుకుని వెళ్లాడు. మామ గుంతను ఎవరూ తాకలేదు.

ఆ యేడు వాన పడలేదు. ఒక సాయంత్రం మబ్బు పట్టింది; ఊరంతా వీధిలోకి వచ్చి నిలబడింది; మబ్బు మా నెత్తిమీదుగా బళ్లారి దిక్కుకు పోయింది. మమ్మల్ని ఎవరూ ఏమీ అనలేదు. అది మరీ కష్టం. గోల్‌కీపరు వాళ్లు గొడ్లను సంతకు తోలి, ఇంటికి తాళంవేసి గుంతకల్లుకు కూలికి పోయారు. పట్టాల పనిలో ఎండదెబ్బ తగిలి వాళ్ల నాయన అక్కడే పోయాడని తరువాత విన్నాము.

1968లో కచేరీ పనిమీద గుంతకల్లు వెళ్లినప్పుడు స్టేషనులో గోల్‌కీపరు నన్ను గుర్తుపట్టాడు. బండ్లకు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేస్తున్నాడు. టీ ఇప్పించాడు. నేనేం ఉద్యోగం చేస్తున్నానో విని, “అయితే నీకు తెల్సుంటాది. ఆ బంతి వదిలిపెట్టింటే వాన వచ్చిండునా?” అన్నాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు సిద్ధంగానే ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలోనే పాత కాగితాలు తీయించి చూసుకున్నాను. ఆ యేడు తాలూకా మొత్తం ఎండింది, అటు పొరుగు తాలూకా కూడా ఎండింది, బొల్లి అన్నదే ఎరుగని ఊళ్లూ మాతో సమానంగానే ఎండాయి. ఊరి పేరూ నెల పేరూ వరసగా చెప్పాను. వాడు శ్రద్ధగా విన్నాడు, తల ఊపాడు. “లెక్క సరేలేప్పా,” అన్నాడు, గ్లాసు కింద పెడుతూ. “మా నాయనకు ఎవరు చెప్తారు?”

బండి వచ్చింది, వాడు పనిలోకి పోయాడు. నేను జీవితమంతా సంవత్సరాలను వరుసలో పెట్టి, అడుగున గీత గీసి, ముగిసినవని సంతకం చేసినవాణ్ణి. కాని కొన్ని సంవత్సరాలు గీతకు లోబడవు. అవి గడచిపోయాయని మనం అనుకుంటాము, అవి మాత్రం మన వీపు వెనుక నిలబడి మెల్లగా మాట్లాడుతూనే ఉంటాయి.