మా వరండా సభలో తాతయ్య ఓటు

నా చిన్నప్పుడు మా తాతయ్య శాసనసభకు స్పీకరుగా ఉండేవారు.

ఈ మాట ఎంతమందికి చెప్పానో నాకే గుర్తులేదు. రైల్లో ఎదుటి సీటువాళ్ళకు చెప్పాను. పెళ్ళిచూపులకు వెళ్ళినప్పుడు కాబోయే మామగారికి చెప్పాను. ఆయన కుర్చీలో కాస్త సర్దుకుని కూర్చోవడం చూసి, కాఫీ వచ్చాక ఇంకోసారి చెప్పాను. కాగితం మీద పెట్టేసరికి మాత్రం ధైర్యం చాలడం లేదు. తాతయ్య స్పీకరు కాదు. స్పీకరు కుర్చీకి కింద, సభ మధ్యనున్న బల్ల దగ్గర కూర్చుని, సభ్యులన్న ప్రతి మాటనూ షార్ట్‌హ్యాండ్‌లో రాసుకునే రిపోర్టరు. ఒకరు కాసేపు రాశాక ఇంకొకరు వచ్చి అందుకునేవారు. మొదటివారు లోపలికి వెళ్ళి రాసినదాన్ని విప్పి శుభ్రంగా టైపు చేయించేవారు. మళ్ళీ తమ వంతు రాగానే బల్ల దగ్గరికి వచ్చేవారు. సభలో ఎన్ని అరుపులు లేచినా, ఎవరు ఎవరి మీద విరుచుకుపడినా, ఆయన పెదవి కదపకూడదు. నవ్వొచ్చినా నవ్వకూడదు. పద్దుల మీద చర్చ అనీ, బిల్లుకు సవరణ అనీ పొద్దస్తమానం ఊరందరి మాటలూ చెవిలో పోసుకుని ఇంటికొచ్చే మనిషికి, తనకూ ఒక సభ ఉంటే బాగుండునని అనిపించడంలో వింతేముంది?

ఆ సభ మా వరండాలో నడిచేది.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు మారినప్పుడు తాతయ్య సంసారం కూడా ఉద్యోగం వెంట వచ్చేసింది. పంజాగుట్టలో, ఇళ్ళకంటే బండరాళ్ళే ఎక్కువగా ఉన్న రోజుల్లో, ఒక పెంకుటింట్లో అద్దెకుండేవాళ్ళం. ఆయన అల్లుడైన మా నాన్నకూ ఈ ఊళ్ళోనే ఉద్యోగం దొరకడంతో అమ్మా నాన్నా నేనూ అదే ఇంట్లో ఉండేవాళ్ళం. వరండా చుట్టూ చెక్క జాలీ, పెరట్లోకి ఒక తలుపు. పెరటి చివర, జామచెట్టు దాటాక, మరుగుదొడ్డి. ఇది ఎందుకు చెబుతున్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

ఇంట్లో ఏ సంగతి తేల్చాలన్నా ఆదివారం మధ్యాహ్నం తాతయ్య కుర్చీలో కూర్చునేవారు. ఆయన పెట్టిన నియమాలు అచ్చంగా శాసనసభవే. ఆ ఇంటి అన్నం తినే ప్రతివారికీ ఒక ఓటు, అందులో నేనూ ఉన్నాను. ఎవరి సంగతి తేలుస్తున్నామో వాళ్ళు మాట్లాడవచ్చుగానీ ఓటు వేయరాదు. ముందు మూజువాణి ఓటు, అంటే నోటితో అవుననో కాదనో అనడం. ఎవరైనా ఒప్పుకోకపోతే డివిజన్. అప్పుడు దేవుడి గదిలోని గంట తెచ్చి మోగించేవారు. గంట ఆగగానే తలుపు మూసి గడియ వేసి చేతులు లెక్కపెట్టేవారు. బయట ఉండిపోయినవారి ఓటు బయటే. కుర్చీలో కూర్చున్నవారికి ఓటు లేదు, రెండు పక్షాలూ సమానంగా వస్తే తప్ప. రేడియో కొనాలన్న తీర్మానం ఆ వరండాలోనే నెగ్గింది. కాకరకాయ కూర వండరాదని నేను తెచ్చిన తీర్మానం అక్కడే చిత్తుగా ఓడింది. దేవుడి గంట దేవుడికి కొట్టండి అని అమ్మమ్మ ప్రతిసారీ సణిగేది.

ఒక వేసవిలో ఆ సభ ముందుకు మా పిన్ని సంగతి వచ్చింది.

పిన్ని అమ్మకు చెల్లెలు, ఇంట్లో అందరికంటే చిన్నది, నన్ను మినహాయిస్తే. అమీర్‌పేటలో ఒక టైపు ఇన్‌స్టిట్యూటుకు నడిచి వెళ్ళి వస్తుండేది. లోయరు పరీక్ష పాసైంది. హయ్యరు పరీక్ష మరుసటి నెలలో ఉంది. అది గట్టెక్కితే శాసనసభ కార్యాలయంలోనే టైపిస్టు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవచ్చని తాతయ్యే ఎప్పుడో మాటల మధ్య అన్నారు. ఆ ఒక్కమాట పట్టుకుని పిన్ని వంటింట్లో గట్టు మీద కూడా వేళ్ళు ఆడిస్తుండేది. సరిగ్గా అప్పుడే మా మామయ్య, అంటే అమ్మకు తమ్ముడు, పిన్నికి అన్న, ఆమె ఇన్‌స్టిట్యూటు మానేయాలని తీర్మానం తెచ్చాడు. మామయ్య చెడ్డవాడు కాదు. చెల్లెలంటే ప్రాణం. అయితే ప్రాణంగా చూసుకునేదాన్ని గూట్లో దాచుకోవాలనుకునే రకం. ఆ నెల మానేస్తే పరీక్ష పోతుంది. పరీక్ష పోతే మళ్ళీ బయటికి పంపేవాళ్ళెవరూ ఉండరని పిన్నికి తెలుసు. రెండు రోజులుగా అన్నం సరిగా తినడం లేదు.

నా ఓటు ఎటో ముందే తేలిపోయింది. తన వైపు చెయ్యెత్తితే సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని ట్యాంక్‌బండ్ చూపిస్తానన్నాడు మామయ్య. నాకప్పుడు ఏడెనిమిదేళ్ళు. మీరైతే ఏం చేసేవారు?

ఆదివారం వచ్చింది. ఎండ మండిపోతోంది. సభ మొదలయ్యే ముందు పిన్ని నన్ను వంటింట్లోకి పిలిచి, అల్లం, కరివేపాకు దంచి వేసిన మజ్జిగ పెద్ద గ్లాసుతో ఇచ్చింది. తాగాక ఇంకో గ్లాసు పోసింది. "ఎండలో తిరిగొచ్చావు, తాగరా నాన్నా" అంటూ తల నిమిరింది. ఆమెకు వ్యతిరేకంగా చెయ్యెత్తబోతున్నాను కదా, ఆ మాత్రం మాటైనా వినకపోతే బాగుండదని మూడో గ్లాసు కూడా తాగాను.

మామయ్య లేచి మొదలుపెట్టాడు. "సాయంత్రం పూట ఆ రోడ్డున ఒక్కతే నడిచి రావడమేంటి? హోటలు ముందు కూర్చున్నవాళ్ళు ఏమంటున్నారో నా చెవులారా విన్నాను."

"వాళ్ళేదో అంటే నేను మానేయాలా? వాళ్ళని హోటలు మానేయమను" అంది పిన్ని.

"సభ్యులు ఒకరితో ఒకరు మాట్లాడుకోరాదు. కుర్చీకి చెప్పాలి" అన్నారు తాతయ్య.

పిన్ని కుర్చీ వైపు తిరిగి చేతులు కట్టుకుంది. "అధ్యక్షా, మా అన్నయ్యకు బుద్ధి లేదని సభకు మనవి చేస్తున్నాను."

"ఆ మాట రికార్డుల నుంచి తొలగిస్తున్నాం."

"రికార్డెక్కడుంది నాన్నగారూ, రాసేవారు కుర్చీలో కూర్చుంటే!" అంది అమ్మ. మామయ్యతో సహా అందరం నవ్వాం. అమ్మమ్మ మాత్రం నవ్వలేదు. పిల్ల ఇంటికొచ్చేదాకా తన ప్రాణం గుమ్మంలోనే ఉంటోందనీ, తాను చెప్పేది అంతేననీ అంది. మామయ్య అభ్యంతరాలకు తడుముకోకుండా జవాబిచ్చిన పిన్ని, ఆ మాటకు మాత్రం తల దించుకుంది.

ఈ ఘట్టంలో నేను లేచి, ఆడపిల్లల చదువు గురించి గంభీరమైన ఉపన్యాసం ఇచ్చి, పిన్నికి జరుగుతున్న అన్యాయానికి నిరసనగా వాకౌట్ చేశానని మా పిల్లలకూ, వాళ్ళ పిల్లలకూ చెబుతూ వచ్చాను. వాకౌట్ చేసిన మాట నిజమే. కారణం మజ్జిగ.

జరిగింది ఇది. తాతయ్య మూజువాణి ఓటు అడిగారు. మామయ్య ఇల్లదిరేలా "అవును" అన్నాడు. నేనూ గొంతు కలిపాను. అవునన్నవారే నెగ్గినట్టు తోస్తోందని తాతయ్య అనగానే, "డివిజన్ కావాలి అధ్యక్షా! తమ్ముడొక్కడే ముగ్గురి గొంతుతో అరిచాడు" అంది అమ్మ. తాతయ్య గంట అందుకున్నారు. ఆ గంట మోత వింటూ కాళ్ళు ఇటు అటు మార్చుకుంటూ నిలబడ్డాను. ఇక నావల్ల కాలేదు. జామచెట్టు వైపు పరుగెత్తాను. తిరిగొచ్చేసరికి గంట ఆగిపోయింది, తలుపు మూసి ఉంది. రెండు చేతులతో బాదాను.

గోడ మీదుగా పక్కింటి అక్క తల పెట్టింది. "ఏమైంది బిడ్డా, గట్ల కొడ్తున్నవ్? లోపల పూజనా?"

"పూజ కాదక్కా, ఓట్లు! నా ఓటు పోతోంది!"

"ఓట్లా? మీ ఇంట్ల సుత నిలబడ్డరా ఎవరన్న? జర సబర్ చెయ్, తీస్తరు తియ్" అంది ఆమె.

జాలీలోంచి చూశాను. "నాన్నగారూ, వాడు గుమ్మంలోనే ఉన్నాడు. గడియ తీస్తే చాలు" అని మామయ్య అంటున్నాడు. తాతయ్య లేచి వచ్చారు. ఆయన చెయ్యి గడియ మీదికి వెళ్ళింది. అక్కడే ఆగింది. జాలీకి అటువైపు నుంచి నన్ను చూశారు. ఆ చూపులో కోపం లేదు, నన్ను లోపలికి పిలవాలని ఎంతో ఉన్నట్టుంది. తర్వాత చెయ్యి వెనక్కి తీసుకుని కుర్చీలో కూర్చున్నారు.

"గంట ఆగింది. తలుపు తెరిచేది లేదు. చేతులెత్తండి."

మానాలన్నవారు మామయ్య, అమ్మమ్మ. మానక్కర్లేదన్నవారు అమ్మ, నాన్న. నేనుంటే మామయ్య నెగ్గేవాడు. ఇప్పుడు రెండు పక్షాలూ సమానం. ఓటు కుర్చీకి వచ్చింది.

పిన్ని చీర కొంగు వేళ్ళకు చుట్టుకుని నేలకేసి చూస్తోంది. తాతయ్య కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడిచి పెట్టుకున్నారు. సభ రెండుగా చీలినప్పుడు కుర్చీలో ఉన్నవారు కొత్త మార్పుకు ఓటు వేయరని, ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచుతారని, సభ తన మనసు తాను తేల్చుకునేదాకా అదే ఆనవాయితీ అని చెప్పారు. అమ్మాయి ఇప్పుడు వెళ్తోంది కనుక వెళ్తూనే ఉంటుంది. తీర్మానం వీగిపోయింది. అంత చెప్పి లేచి తలుపు తీశారు. నేను లోపలికి వెళ్ళేలోగానే పిన్ని నన్ను ఎత్తుకుని గిరగిరా తిప్పేసింది. కడుపులో మిగిలిన మజ్జిగ కాస్తా ప్రమాదంలో పడింది.

తాతయ్యకు కూతురంటే ముద్దు, అందుకే అటు మొగ్గారని మేమంతా అనుకున్నాం. అనుకోనిది అమ్మమ్మ ఒక్కతే. సభ ముగిశాక కాఫీ ఇస్తూ వంటింట్లో ఆయన్ని నిలదీసింది. నేను గుమ్మం పక్కనే ఉన్నాను, పిల్లవాడినని ఎవరూ పట్టించుకోలేదు.

"నిన్నటిదాకా నాతో ఏమన్నారు? పిల్ల బయటికి పోవద్దు, ఉద్యోగమూ వద్దు, నాకు భయంగా ఉంది అన్నారా లేదా? ఆ కుర్చీ ఎక్కగానే ఏమైంది మీకు?"

"ఇప్పుడూ అదే అంటాను. నాకు ఇష్టం లేదు" అన్నారు తాతయ్య.

"మరి వాణ్ణి లోపలికి రానివ్వొచ్చుగా! గడియ మీద వేసిన చెయ్యి వెనక్కి తీసుకున్నారెందుకు?"

ఆయన కాఫీ గ్లాసు గట్టు మీద పెట్టేశారు. "వాడి ఓటు ఎటో నాకు తెలుసే. తెలుసు కాబట్టే తీయలేకపోయాను" అన్నారు. "మనవాడని తలుపు తీస్తే, రేపు నా కూతురు ఆ గంటను ఎందుకు నమ్మాలి?"

అమ్మమ్మ, గ్లాసులో కాఫీ చల్లారిందని తీసుకుని మళ్ళీ వేడి చేసి ఇచ్చింది.

మర్నాటి నుంచి తాతయ్య అసెంబ్లీ నుంచి వస్తూ పంజాగుట్ట దాటి అమీర్‌పేటలో బస్సు దిగడం మొదలుపెట్టారు. ఇన్‌స్టిట్యూటుకు కాస్త దూరంలో, పిన్నికి కనిపించనంత ఎడంగా నిలబడి, ఆమె బయల్దేరాక వెనకే నడిచొచ్చేవారు. పిన్ని మొదటిరోజే కనిపెట్టింది. కనిపెట్టినట్టు ఆయనకు తెలియనివ్వలేదు. ఎండ ఎక్కువగా ఉన్న రోజుల్లో ఆయన కోసమే మెల్లగా నడిచేదట. పరీక్ష పాసై, ఉద్యోగంలో చేరి, తండ్రి విప్పిచెప్పిన సభా కార్యక్రమాలను టైపు చేసే రోజు కూడా వచ్చింది. తనకిష్టం లేదన్న మాట తాతయ్య ఆమెతో ఎన్నడూ అనలేదు. ఎన్నో ఏళ్ళ తర్వాత మూడు గ్లాసుల మజ్జిగ గురించి నేనే పిన్నిని నిలదీశాను. "నీకు దాహమేసింది, నేను పోశాను. అందులో రాజకీయం ఏముందిరా?" అంది. ఆ నవ్వు చూస్తే ఏముందో తెలిసిపోయింది.

ఇన్నేళ్ళకు నేనూ ఒక కుర్చీ ఎక్కాను. పెద్దదేం కాదు, అమీర్‌పేటలో మా అపార్టుమెంటు సంఘానికి అధ్యక్షుణ్ణి. చుట్టూ ఎటు చూసినా కంప్యూటరు కోర్సుల బోర్డులు, వాటి కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పిల్లలు. మా భవనంలోనూ ఒక ఫ్లాటు తీసుకుని అమ్మాయిలు ఉంటున్నారు. సాయంత్రం కాగానే డాబా ఎక్కి, పుస్తకాలు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతూ బట్టీపడతారు. ఆ డాబా కిందే నా పడకగది. మొన్న ఫ్లాట్లవాళ్ళు కొందరు డాబాకు తాళం వేయాలన్నారు, కొందరు వద్దన్నారు. చేతులు సమానంగా లేచాయి. అందరూ నా వైపు చూశారు. ఎప్పటిలాగే తెరిచి ఉండనివ్వండి అన్నాను.

మా సంఘం కార్యదర్శి ఆగలేకపోయాడు. "తాళం కొనుక్కరా అన్నది మీరే కద సార్! గిప్పుడు గిట్లంటరేంది?"

నిజమే, నేనే అన్నాను. డబ్బు కూడా ఇచ్చాను. ఆ అమ్మాయిలకు మాత్రం వాళ్ళ తరఫున ఒక గంటసేపు పోరాడినట్టు చెప్పుకున్నాను, వాళ్ళు నమ్మి వేడివేడి మిర్చి బజ్జీలు తెచ్చిపెట్టారు. ఇది చదివితే బజ్జీలు ఆగిపోవచ్చు. నేను తాళం వైపే ఉన్నానమ్మా. ఇప్పుడూ ఉన్నాను. ఇది రాస్తుండగానే పైన చెప్పుల చప్పుడు మొదలైంది, ఒకమ్మాయి ఏదో గట్టిగా వల్లెవేస్తోంది, మధ్యలో మరచిపోయి మళ్ళీ మొదటికి వస్తోంది. మూలనున్న కర్ర తీసుకుని కప్పు మీద నాలుగు దెబ్బలు కొట్టాలని రోజూ అనిపిస్తుంది. కొట్టలేదు. ఆ పాఠం ఆమె నోటికి వచ్చేదాకా దిండు చెవుల మీద పెట్టుకుని పడుకుంటాను.