ఖాళీగా వదిలిన నలభై ఒక్క గళ్లు

సుప్రియకు ఫారంలో ఖాళీ గడి కనిపిస్తే అన్నం సయించదు. మండలాఫీసులో పదకొండేళ్లుగా కంప్యూటర్ ముందు కూర్చుంటోంది. ఎవరో జవాబు చెప్పకుండా వదిలేసిన చోట తన చేత్తో ఏదీ రాయదు. అలాగని ఊరుకోనూ ఊరుకోదు, ఫోన్ చేసి మరీ అడుగుతుంది. చాదస్తం అనేవాళ్లను అననిస్తుంది.

మొన్న జులైలో గోదావరికి వరద వచ్చేలా కనిపించింది. జనాన్ని ఒడ్డుకు చేర్చే పడవల మీదికి ఈతగాళ్లను ఎంచమన్నారు. వేసవిలో చేసిన సర్వే ఉండనే ఉంది. తెరిచి చూస్తే, ఏటిగట్టు పల్లెలో చేపల వేటకెళ్లే నలభై ఒక్కమందికీ 'ఈత వచ్చా?' అన్నచోట 'రాదు' అని ఉంది. పుట్టింది నీళ్ల పక్కన, బతికేది నీళ్ల మీద, ఈత మాత్రం రాదట! సుప్రియ నవ్వుకుంటూనే పాత కాగితాలు తీయించింది. ఒక్కరూ టిక్కు పెట్టలేదు. జవాబు లేనిచోటల్లా కంప్యూటర్ తనంతట తాను 'రాదు' అని నింపేసుకుంది.

"దానికేముందండీ," అన్నాడు పైఅధికారి అనిల్ కుమార్. "అందరికీ 'వచ్చు' కొట్టేయండి. సాయంత్రానికి లిస్టు వెళ్లాలి."

"అప్పుడదీ మనం రాసిందే అవుతుంది కదండీ సార్!"

ఫారంలో 'చెప్పలేదు' అని మూడో జవాబు చేర్చింది. నలభై ఒక్కమందినీ అందులోకి మార్చి, ఆటో ఎక్కింది.

పల్లెలో పెద్దాయన సత్తియ్య ఆ ప్రశ్న విని పడీపడీ నవ్వాడు. "చేపపిల్లకి ఈత నేర్పాలాండీ మేడంగారూ? ఆ సర్వే ఆయన అందర్నీ ఓచోట నిలబెట్టి అలా అడిగితే ఒళ్లు మండి ఎవరమూ చెప్పలేదండి."

"కోపం వద్దు బాబాయిగారూ. ఒక్కొక్కరూ వచ్చి చెప్పండి, చాలు."

వలలు ఆరేసే పాక కింద కూర్చుంది. నలభైమంది నవ్వుతూ వచ్చి "వచ్చండి" అని వెళ్లారు. చివరికి మిగిలింది గంగరాజు. ముప్ఫయ్యేళ్లుగా వల విసురుతున్న మనిషి. అందరూ వెళ్లేదాకా ఆగి దగ్గరికొచ్చాడు.

"నాకు రాదండి," అన్నాడు మెల్లగా. "చిన్నప్పుడు మా అన్న నా కళ్లముందే మునిగిపోయాడండి. పడవలో ఉన్నంతసేపూ బాగానే ఉంటాను. నీళ్లలో దిగితే కాళ్లు కదలవండి."

"మరి లిస్టులో మీ పేరొస్తే?"

"ఎల్లిపోదునండి. మావోళ్ల ముందు రాదని ఏ మొహంతో చెప్పను?"

సుప్రియ ఆయన పేరు ఎదుట 'రాదు' అని రాసి, గట్టు మీద సామాన్లు ఎక్కించే పనికి వేసింది.

"ఎవరైనా అడిగితే ఆఫీసువాళ్లే వేశారని చెప్పండి," అంది.

గంగరాజు భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకుని, ఆవిడకేసి చూసి నవ్వాడు.

"ఇన్నేళ్లలో నన్నెవరూ అడగలేదండి," అన్నాడు.